అమ్మమ్మ ఎక్కిన ట్రామ్

అమరావతిలో మా అమ్మమ్మకు మద్రాసు కబుర్లంటే ప్రాణం. ఎగ్మూరు మ్యూజియంలో మన ఊరి శిల్పాలు చూసిన సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, ట్రామ్ దగ్గరకొచ్చేసరికి గంట చెబుతుంది! దేశంలో తొలి కరెంటు ట్రామ్ నడిచింది మద్రాసులోనే, 1895లో. 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ‘‘రాళ్లు దాచారు సరే, ట్రామునేం చేశారే?’’ అంటుంది అమ్మమ్మ.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో కొందరికి ఇదే బెంగ పట్టుకుంది. బిడ్డిఫర్డ్, సాకో పట్టణాల్లో ట్రాములు తీసేసి బస్సులు వేస్తుంటే, 1939లో 31వ నంబరు బండిని 150 డాలర్లకు కొనేశారు. కెన్నెబంక్‌పోర్ట్‌లోని సీషోర్ ట్రాలీ మ్యూజియం అలా మొదలైంది.

ఇప్పటికీ అక్కడ జీతం లేకుండా పనిచేసేవాళ్లే ఎక్కువ. ఆడా మగా తీరిక చేసుకుని వస్తారు. తుప్పు గీకడం, పుచ్చిన చెక్క తీసి కొత్తది అతకడం, రంగులేయడం... ఒక్కో బండికి ఏళ్లు పడుతుంది. బజార్లో దొరకని భాగాన్ని పాతదాని అచ్చు తీసి పోత పోయించాల్సిందే. ఇంట్లో ట్రంకుపెట్టెకు రంగేయడానికే మనం పండగ నుంచి పండగకు వాయిదా వేస్తామా! బాగుచేసిన బళ్లు అక్కడి పట్టాల మీద చూడవచ్చినవాళ్లను ఎక్కించుకుని తిరుగుతాయి కూడా.

మొన్న ఫొటో చూపిస్తే అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని, ‘‘దీనికి గంట మోగుతుందా?’’ అంది.

మోగుతుందన్నాను.