మా ఇంటి విలన్‌కి ఉప్పునీళ్లే కావాలి!

కడపలో మా ముందుగదిలో ఒక విలన్ కాపురముంటున్నాడు. పేరు లయన్‌ఫిష్. ఒళ్లంతా ఎర్ర చారలు, విసనకర్రల్లాంటి రెక్కలు, వీపు మీద ముళ్ల వరస... ఏ మేకప్‌మాన్ వల్లా కాని గెటప్! తొందరన్నది ఎరగడు. 'ముత్యాలముగ్గు' (1975)లో రావు గోపాలరావు గారు గొంతు పెంచకుండానే హాలును వణికించలేదూ? సరిగ్గా అదే తీరు. రెక్కలు విప్పి రొయ్యను మెల్లగా మూలకు తోస్తాడు. నోరు తెరుస్తాడు. అంతే, రొయ్య ఉండదు!

చూడ్డానికొచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇందులో నెమో చేపను వెయ్యరాదా?" వెయ్యొచ్చు. నోట్లో పట్టిందల్లా దానికి భోజనమే. 'ఫైండింగ్ నెమో' (2003) మొదట్లోనే నెమో తల్లిని బారకుడా పొట్టన పెట్టుకుంటుంది కదా, ఆ సీను మా ఇంట్లో మళ్లీ తియ్యడం నాకిష్టం లేదు.

ముళ్లు మొత్తం 18. వీపున 13, పొట్ట కింద రెక్కలకు 2, తోక దగ్గర 3. అన్నిట్లోనూ విషమే. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ విషం వేడికి విరుగుతుంది. నాకింతవరకూ ఆ అనుభవం కాలేదు, కాకూడదనే కోరిక.

ఇంతకీ చేపతో నాకు తగువు లేదు. తగువంతా నీళ్లతోనే. తొట్టి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. దాదాపు 450 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల లెక్కన 16 కిలోల ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు, మెగ్నీషియం, కాల్షియం వగైరాలు కలిసిన ప్రత్యేకమైన ఉప్పు తెప్పించుకోవాలి. ఎండాకాలం వచ్చిందంటే మట్టం రోజూ దిగిపోతుంది. నీరు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు, కనుక తగ్గిన మేరకు మంచినీళ్లే పొయ్యాలి. ఈ సంగతి తెలియక మొదట్లో ఉప్పునీళ్లే పోసి, చేపను చంపినంత పని చేశాను!

పైగా ఇది మాంసాహారి. తిన్నదాని మలినంలోంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు రాళ్లమీద స్థిరపడాలని నెలకు పైగా చేపలేని తొట్టినే నడిపాను. అదిగో, అప్పుడే మా జేజి అడిగింది: "అబ్బీ, బిందె నీళ్లకు జనం కొట్లాడుకుంటాంటే, నువ్వు ముప్పై బిందెల్లో ఉప్పు కలిపి కూర్చున్యావా?" జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఫిల్టరు వదిలేసే నీళ్లతో ఇల్లు కడిగించి, ఏదో సర్దుకుంటున్నాను.

అన్నట్లు 'జాస్' కూడా 1975 లోనిదే. స్పీల్‌బర్గ్ చేయించిన మరసొరచేప సముద్రంలో దిగగానే మొరాయించింది. గత్యంతరం లేక సొరను చూపించకుండానే సగం సినిమా నడిపాడు, జనం అందుకే ఇంకా హడలిపోయారు. ఉప్పునీళ్లు అంతటివాడినే ఏడిపించాయి, నేనెంత!

కిందటేడు ఒక దుకాణంలో, ఊరు చెప్పనులెండి, పసుపు ఒంటిమీద నల్ల పట్టీలున్న వేలెడు చేపను చూపించారు. ఎంత ముద్దుగా ఉందో! బేబీ ఆర్టిస్టు అనుకోండి. చెయ్యి జేబులోకి పోయింది. పేరడిగితే నసిగారు. అది జెయింట్ గ్రూపర్ పిల్ల! పెరిగితే తొమ్మిదడుగులు, 400 కిలోలు. 2001లో మన వన్యప్రాణి చట్టంలోకి ఎక్కిన చేప అది, కొన్నా పట్టినా నేరమే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పెద్దదైతే ఎక్కడో వదిలేస్తే పోలా అంటారా? మన పెన్నలో వదిలితే మంచినీళ్లకు చస్తుంది. పరాయి సముద్రంలో వదిలితే అక్కడివాటిని చంపుతుంది. ఫ్లోరిడా దగ్గర 1985లో మొదటి లయన్‌ఫిష్ కనిపించింది, ఎవరో అక్వేరియంలోంచి వదిలినవే అంటారు. ఇప్పుడు అక్కడి పగడపు దిబ్బల్లో చిన్న చేపలకు అదే యముడు.

ఇహ, మొన్న మే నెల సంగతి. సాయంత్రం గాలివాన, స్తంభాలు పడి కరెంటు పోయింది. పదింటికి ఇన్వర్టరు చేతులెత్తేసింది. పంపులూ ఆగాయి, నీళ్లు చల్లబరిచే మిషనూ ఆగింది. 26 డిగ్రీలుండాల్సిన నీళ్లు 30 కి ఎక్కాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు నిలవదు. చేప పైకి తేలి రొప్పుతోంది. పక్కింటి ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన నీళ్ల సీసాలు తెచ్చి తేలేశాను. ఇంకేం చెయ్యాలో తోచక కూర్చుంటే, జేజి చెంబు పట్టుకొచ్చింది.

"పాలు చల్లార్చినట్ల ఎత్తి పోస్తే గాలి తగలదా?"

తగులుతుంది! చెంబుతో ముంచడం, జానెడు ఎత్తునుంచి ధారగా వదలడం. "చెయ్యి దాని పక్కకు పోనియ్యాకు జేజీ" అంటే, "నాకు కండ్లు లేవా?" అని కసిరింది. కాసేపు నేను, కాసేపు ఆమె. గడియారం చూడలేదు. తెల్లారగట్ల ఫ్యాను తిరిగేసరికి ముందుగదంతా ఉప్పు చెమ్మ, నా భుజాలు నావి కావు. జేజి మాత్రం చేపనే చూస్తోంది.

"ఇదేంది అబ్బీ, రాత్రంతా కన్ను మూయనే లేదు?"

చేపలకు రెప్పలుండవని చెప్పాను. నమ్మినట్టు లేదు.

రెండు రోజులు ఏమీ ముట్టలేదు. మూడోనాడు రొయ్యను చూసి రెక్కలు విప్పాడు. అప్పట్నుంచీ సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే వంటింట్లోంచి కేక వస్తుంది: "వాడు తిన్యాడా?"