మోడల్ రైలు వెనక మన ఊరి ఆకాశం వేద్దాం

ట్రాక్ బోర్డు వీడియో చూసి చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, వెనక ఏ బొమ్మ అంటించాలి?" నెట్‌లో దొరికే మంచుకొండల ప్రింట్ మాత్రం వద్దు. మన ప్యాసింజర్ బండికి అక్కడేం పని? ప్రత్తిపాడులో గీయడానికి ఏముంది అంటారేమో. చదును నేల, పెద్ద ఆకాశం. మనకి కావాల్సింది అదే.

ముందు లెక్క చూడండి. హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87. బోర్డు వెడల్పు 60 సెంటీమీటర్లయితే అసలు నేల మీద 52 మీటర్లే. ఎకరం మిరపచేను కూడా సరిగ్గా పట్టదు! మిగతా దూరమంతా వెనక బొమ్మే చూపించాలి.

పలచటి హార్డ్‌బోర్డు తీసుకుని మూలల్లో వంపు తిప్పండి. మూల గీత కనబడితే ఆకాశం కాస్తా గోడైపోతుంది. మెరవని తెల్ల ఎమల్షన్, స్టెయినర్ ట్యూబులు చాలు. ఎనామిల్ వేస్తే ట్యూబ్‌లైట్ అందులో కనిపిస్తుంది. పైన నీలం, కిందకొచ్చేకొద్దీ తెలుపు, తడి ఆరకముందే వెడల్పు బ్రష్‌తో అడ్డంగా కలిపేయండి. నేల అంచు దగ్గర దాదాపు తెలుపే. ఆ అంచు, మీరు కుర్చీలో కూర్చుంటే కంటి ఎత్తులో ఉండాలి.

ఇక వాయవ్యం మూల కొండవీడు కొండలు. అందరూ ఆకుపచ్చ వేసేస్తారు. దగ్గరికెళ్తే ఆకుపచ్చే, కానీ మధ్యలో ఉన్న గాలి, దుమ్ము వెలుతుర్ని చెదరగొడతాయి. దూరం పెరిగేకొద్దీ రంగు పలచబడి నీలి బూడిదలా కనిపిస్తుంది. అందుకే ఆకాశం రంగులోనే ఇంకొంచెం నీలం, చుక్క నలుపు కలపండి. రాళ్లూ గుడీ గీయొద్దు. ముందు తుమ్మచెట్ల వరస స్పాంజితో అద్ది, రెండు తాటిచెట్లు నిలబెట్టండి, అంతే.

మిరప కల్లం ఎరుపు వెనక బొమ్మ మీద పూశారో, కన్ను అక్కడికే పోతుంది, రైలు ఎవరూ చూడరు. ఆ ఎరుపు పట్టాల పక్కన ఉండాలి. రంపపు పొట్టుకి రంగు కలిపి ఆరబోయండి. నిజం కారం వద్దు బాబూ, ఫ్యాన్ వేశారంటే ఇంట్లో అందరూ తుమ్ములే.

1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటకాల వాళ్లు రంగు తెరలతోనే అడవుల్ని, రాజసభల్ని చూపించారు. అక్కడ చివరి వరసకి కూడా తెర కనిపించాలి కాబట్టి రంగు గట్టిగా ఉంటుంది. మనం చూసేది రెండడుగుల నుంచి.

ట్రాక్‌కీ బొమ్మకీ మధ్య నాలుగంగుళాలు వదిలి, లైటు పై నుంచి వేయండి. లేకపోతే ఇంజన్ నీడ ఆకాశం మీద పడుతుంది. ఆరాక ఫోన్‌ని పట్టాల ఎత్తులో పెట్టి ఒక ఫొటో తీయండి. రైలు కంటే కొండ ముందు కనిపిస్తోందా? దాని మీద నీళ్లు కలిపిన తెలుపు ఇంకో పూత వేయండి.