మీట ఎవరి చేతిలో ఉన్నది?

రేడియో మన యింటికి వచ్చు అతిథులలో మిక్కిలి మర్యాద గలది. అది పాడును, వార్తలు చదువును, ధరవరలు చెప్పును. కాని మన మాటలు వినదు. దాని యెదుట మనము నవ్వినను, తగవులాడినను, ప్రసంగము నడుమ మీట త్రిప్పి నిద్రపోయినను ఆ సంగతి ప్రసార కేంద్రమునకు చేరదు. ఒకప్పుడు రేడియో ఉంచుకొనుటకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండెడిది. దానివలన ఎవరి యింట రేడియో ఉన్నదో ప్రభుత్వమునకు తెలిసెడిది. ఆ యింటివారు సంగీతము వినిరో, వ్యవసాయ ప్రసంగము వినిరో తెలిసెడిది కాదు. శ్రోతల అభిప్రాయము కావలెనన్న కేంద్రమువారు ఉత్తరము వ్రాయుడని అడుగవలసినదే.

ఇప్పుడు అదే గదిలోనికి మరియొక అతిథి వచ్చినది. అది పిల్లల చేతిలోని సెల్‌ఫోను కావచ్చును. టెలివిజనుకు తగిలించిన కన్సోలు అను ఆటయంత్రము కావచ్చును. ఈ అతిథి మాట్లాడును, మాట్లాడించును, వినును, విన్నది వ్రాసికొనును. అది ఏమి వ్రాసికొనుచున్నదో, ఎవరి అనుమతితో వ్రాసికొనుచున్నదో తెలిసికొనుట ప్రతి గృహస్థునకు నేడు అవసరమైనది.

ఇంటర్నెట్టు ద్వారా ఆటలు నడుపు వ్యవస్థకు ప్లాట్‌ఫారము అని పేరు. పేరు తగినదే. రైల్వే ప్లాట్‌ఫారముమీద ప్రయాణికులు, దుకాణదారులు, కూలీలు కలిసికొందురు; లోపలికి పోవు ద్వారము మాత్రము రైల్వేవారి అధీనములో నుండును. ఇచ్చటను అంతే. ఆటలు తయారుచేయువారు, ఆడువారు, ప్రకటనలిచ్చువారు ఒకచోట చేరుదురు. ద్వారము సంస్థ చేతిలో నుండును. లోనికి పోవలెనన్న ఒక ఖాతా తెరువవలెను.

ఆ ఖాతాలో మూడు విధములైన సమాచారము చేరును. మొదటిది మనము స్వయముగా ఇచ్చునది: పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, డబ్బు చెల్లించినచో కార్డు వివరములు. రెండవది యంత్రము తనంతట గుర్తించునది: ఆట ఏ వేళకు మొదలైనది, ఎంతసేపు సాగినది, ఎవరితో ఆడినారు, ఏ వస్తువును చూచి ఆగినారు, ఏది కొన్నారు. మూడవది ఈ రెంటినిబట్టి సంస్థ ఊహింపగలిగినది. ప్రతిరాత్రి పదకొండు గంటల తరువాత ఆడువాడు ఎట్టివాడు, ఓడిపోయిన వెంటనే డబ్బు ఖర్చుచేయు స్వభావము ఎవరికి ఉన్నది అను సంగతులు ఈ కోవకు చెందినవి. మొదటిదానిని మనమెరుగుదుము. రెండవదానిని సగము ఎరుగుదుము. మూడవదాని సంగతి మనకు తెలియనే తెలియదు.

ఇదంతయు దురుద్దేశముతో జరుగుచున్నదని చెప్పుట న్యాయము కాదు. నిన్న ఆపిన చోటినుండి నేడు ఆట సాగవలెనన్న సంస్థ కొంత గుర్తుంచుకొనక తప్పదు. మోసముచేసి గెలుచువారిని పట్టుటకును, దొంగిలింపబడిన ఖాతాను అసలు యజమానికి అప్పగించుటకును ఆధారములు కావలెను. కాని అవసరమునకును ఆశకును నడుమ ఒక గీత యున్నది. సంస్థ ఆ గీతకు ఏ వైపున నిలిచినదో తెలియవలెనన్న దాని ప్రకటనలను చదువనక్కరలేదు. ఖాతా తెరచిన తొలి క్షణమున దాని మీటలు ఎట్లున్నవో చూచిన చాలును. ఎందుచేతననగా, యంత్రము వచ్చిననాడు మీట ఏ స్థితిలో నుండునో, పెక్కు ఇండ్లలో అది ఎల్లకాలము అదే స్థితిలో నుండిపోవును. మార్చవచ్చునని తెలిసినవారు కొందరు. తెలిసియు మార్చువారు ఇంకను కొందరే.

దీనికి స్పష్టమైన నిదర్శనము అమెరికాలో దొరకినది. ఎపిక్ గేమ్స్ అను సంస్థ 2017లో ఫోర్ట్‌నైట్ అను ఆటను విడుదల చేసినది. ఆటకు ప్రవేశ రుసుము లేదు. ఆటలోని బొమ్మలకు వేషములు, నృత్యములు అమ్మి సంస్థ ధనమార్జించును. ప్రపంచమున నలువది కోట్లకు పైబడి జనులు ఆ ఆట ఆడినారు. వారిలో పిల్లలు చాలమంది. ఆటలో ప్రవేశించినవారు తమతో ఆడు అపరిచితులతో నోటిమాటగాను వ్రాతగాను సంభాషించుటకు వీలుండెను. ఆ మీట పిల్లలకు కూడ మొదటినుండియు తెరచియే యుండెను.

వర్తక వ్యవహారములను పర్యవేక్షించు ఫెడరల్ ట్రేడ్ కమిషను 2022 డిసెంబరులో ఆ సంస్థపై తన అభియోగములను ప్రకటించినది. అపరిచితులతో కలిసి ఆడిన పిల్లలు బెదరింపులకును వేధింపులకును లోనైరని, ఆత్మహత్యవంటి భయంకర విషయములు వారి చెవిని పడినవని అందులో చెప్పబడినది. సంస్థలోని ఉద్యోగులే 2017నాటినుండి ఈ మీటను మూసియుంచి, కోరినవారికి మాత్రమే తెరువవలెనని చెప్పుచు వచ్చిరట. తరువాత ఆపుటకు ఒక బొత్తాము ఏర్పడెను గాని, అది సులభముగా కంటబడునట్లు లేకుండెను.

అభియోగములలో రెండవ భాగము డబ్బుకు సంబంధించినది. బొత్తాముల అమరిక ఎట్లుండెననగా, నిద్రావస్థలోనున్న ఆటను మేలుకొలుపుటకు నొక్కినను, వస్తువును ఊరక చూడబోయి ప్రక్క బొత్తామును తాకినను కొనుగోలు జరిగిపోయెడిది. 2018 వరకు పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకయే ఆటనాణెములు కొనగలిగిరి. బిల్లు చూచి బ్యాంకుకు ఫిర్యాదు చేసినవారి ఖాతాలకు తాళము పడినది. తుదకు సంస్థ రాజీకి వచ్చి, పిల్లల గోప్యతా చట్టమును ఉల్లంఘించినందులకు 27.5 కోట్ల డాలర్లు, కొనుగోలుదారులకు తిరిగి చెల్లించుటకు 24.5 కోట్ల డాలర్లు ఇచ్చుటకు అంగీకరించినది. ఈ మొత్తములకంటె రాజీలోని మరియొక షరతు ముఖ్యమైనది. పిల్లలకును, కౌమారములోనున్నవారికిని సంభాషణ మీట మొదటినుండి మూసియే యుండవలెను. అనగా భారము స్థానము మారినది. అంతకుముందు తండ్రి వెదకి మూయవలసి యుండెను. ఇప్పుడు అడిగి తెరువవలసి యున్నది.

మరుసటి సంవత్సరము, 2023 జూనులో, మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ ఆటయంత్రము విషయమున అదే కమిషనుతో రాజీపడి 2 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. ఖాతా తెరచు బిడ్డ తన వయస్సు పదమూడేండ్లకు తక్కువ అని చెప్పిన తరువాత కూడ, 2021 చివరి వరకు, పెద్దలను పిలువకముందే ఫోను నంబరు మొదలగునవి అడుగుచుండెడివారని అభియోగము. ప్రకటనకర్తలతో సమాచారము పంచుకొనుటకు అంగీకారము తెలుపు గడిలో 2019 వరకు ముందుగానే గుర్తు పెట్టబడి యుండెను. తల్లిదండ్రులు అనుమతి నీయక మధ్యలో విడిచిన ఖాతాల వివరములు సైతము 2015 నుండి 2020 వరకు కొన్నిటి విషయమున ఏండ్ల తరబడి నిలువయుంచబడినవి. రాని పెండ్లికొడుకు జాతకమును దాచుకొన్నట్లున్నది!

దాచిన దానివలన నష్టమేమని అడుగవచ్చును. దాచినది దొంగల పాలు కావచ్చును. 2011 ఏప్రిలులో సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ నెట్‌వర్కులోనికి చొరబాటుదారులు ప్రవేశించినప్పుడు సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల సమాచారము ప్రమాదములో పడినది. పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, రహస్య సంకేతపదములు అందులో నుండెను. మూడు వారములకు పైగా ఆ వ్యవస్థ మూతపడినది. రెండేండ్ల తరువాత బ్రిటనులోని సమాచార కమిషనరు కార్యాలయము ఆ సంస్థకు 2,50,000 పౌండ్ల జరిమానా విధించినది. సంకేతపదమును మార్చుకొనవచ్చును, పుట్టిన తేదీని మార్చుకొనుట ఎవరితరము? ఇంటిలో లేని నగను దొంగ ఎత్తుకొనిపోలేడు. అవసరము లేని సమాచారమును కూర్పకుండుటయే దానికి మొదటి రక్షణ.

ఈ విషయమున లోకములో రెండు అభిప్రాయములు తరచు వినవచ్చును. దాచుకొనదగిన తప్పు చేయనివానికి గోప్యతతో పనియేమి అని కొందరందురు. మన యిండ్లకు వీధితలుపు ఉన్నది, లోపల పడకగది తలుపు ఉన్నది. తలుపు వేసికొన్నవారెల్లరు తప్పు చేయువారా? వీధి అరుగుమీద కూర్చున్న బంధువునకు కాఫీ ఇత్తుము గాని ఇనుపపెట్టె తాళము ఈయము. గోప్యత యనగా రహస్యము కాదు. ఎవరికి ఎంత తెలియవలెనో నిర్ణయించుకొను అధికారము.

పిల్లలను కనిపెట్టుకొనవలసినది తల్లిదండ్రులే గాని సంస్థలు కావని మరికొందరందురు. ఇందులో సత్యము లేకపోలేదు. కాని మన యిండ్లలో జరుగునదేమి? ఫోను నాన్నది, ఖాతా అమ్మది, ఆడునది పిల్లవాడు. సంస్థ దృష్టిలో అచ్చట నలువదేండ్ల పెద్దమనిషి ఆడుచున్నాడు. అందుచేత పిల్లలకొరకు ఏర్పరచిన రక్షణలలో ఒక్కటియు వానికి వర్తింపదు. పైగా ఆ బిడ్డ ఫోనును చకచక నడుపుట చూచి మనము మురిసిపోవుదుము. మీట యొకటి ఉన్నదని పెద్దలకు తెలియనప్పుడు, కనిపెట్టుకొనుమని చెప్పుట చీకటి గదిలో సూదిని వెదకుమనుట వంటిది. కావున మీటను సక్రమముగా అమర్చుట సంస్థ విధి. దానిని తెలిసికొనుట గృహస్థు విధి. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

ప్రజలు పలికిన సంస్థలు వినవనుకొనరాదు. 2013 మేలో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్స్ వన్ అను యంత్రమును ప్రకటించినప్పుడు, కినెక్ట్ అను కెమెరాయు మైక్రోఫోనును కలిసిన పరికరము దానికి ఎప్పుడును తగిలించి యుండవలెననిరి. పేరుపెట్టి పిలిచిన యంత్రము మేలుకొనవలెను గనుక అది చెవి యొగ్గియే యుండవలెను. కూర్చుండు గదిలో నిత్యము వినునట్టి యంత్రమా అని ఆడువారిలో నిరసన చెలరేగినది. అదే ఆగస్టులో సంస్థ ఆ నిర్బంధమును ఎత్తివేసినది. 2014 జూనులో కినెక్ట్ లేని యంత్రమునే అమ్మకమునకు పెట్టినది. అమ్మకము పుట్టుటకు ముందు పలికిన మాటకు విలువ యెక్కువ.

మన దేశమున గోప్యత పౌరుని మూలాధికారములలోనిదని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యములో వచ్చిన తీర్పు అది. తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును వాడవలెనన్న తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకొనవలెనని, పిల్లల నడవడిని వెంబడించి గమనింపరాదని, వారిని గురిచేసి ప్రకటనలు చూపరాదని ఆ చట్టము చెప్పుచున్నది. పిల్లల విషయమున తప్పిన సంస్థకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. నియమములు 2025 నవంబరులో వెలువడినవి; సంస్థల ముఖ్య విధులు అప్పటినుండి పదునెనిమిది నెలలకు అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటు జరిగినది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. బిడ్డకు తండ్రి యెవరో నిర్ధారింపవలెనన్న తండ్రి వివరములను కూడ అడుగవలసి వచ్చును. కాపలాకు పెట్టిన మనిషికే పెట్టె తాళము చూపవలసిన స్థితి యిది. ఆ వివరములు నిర్ధారణకు మాత్రమే వాడబడి, పని తీరిన వెంటనే తుడిచివేయబడునా యన్న ప్రశ్నను మనము విడువరాదు. చట్టము ఫలించుట ఆ ప్రశ్నను అడుగువారిమీద ఆధారపడి యుండును.

చట్టము వచ్చు వరకు, వచ్చిన తరువాతను, ఇంటివారు చేయదగినవి కొన్ని ఉన్నవి. బిడ్డ ఖాతా తెరచునప్పుడు ప్రక్కన కూర్చుండవలెను. బిడ్డ వయస్సును ఉన్నదున్నట్లు వ్రాయవలెను. అపరిచితులతో సంభాషణను మూసియుంచి, స్నేహితులెవరో తెలిసిన పిదప వారికి మాత్రము తెరువవచ్చును. ఆటకు బిడ్డ అసలు పేరుగాని, బడి పేరుగాని వాడనక్కరలేదు. బ్యాంకు కార్డు వివరములను ఖాతాలో నిలువయుంచరాదు. ఆడుట మానిన ఆట ఖాతాను తీసివేయుమని సంస్థను కోరవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆటలో ఎవరైన భయపెట్టినచో ఆ మాట ఇంటిలో చెప్పిన తన ఆట ఊడిపోవునన్న భయము బిడ్డకు ఉండరాదు. శిక్షకు వెరచి దాచిన బిడ్డను ఏ చట్టమును కాపాడలేదు.

ఆటలు చెడ్డవని ఈ మాటల భావము కాదు. దూరదేశమున చదువుచున్న అన్నయు, ఊరిలోనున్న తమ్ముడును ఒకే ఆటలో కలిసి నవ్వుకొనుట సంతోషింపదగినదే. రేడియోను మనము ఇంటిలోనికి పిలిచినప్పుడు దాని మీట మన చేతికి అందునట్లు ముందువైపుననే యుండెను. క్రొత్తగా వచ్చిన అతిథిని మనము కోరునదియు అంతే: మీట కనబడు చోట ఉండవలెను, మొదట అది మూసి యుండవలెను, తెరచు చేయి మనది కావలెను.