గుమ్మడికాయ మీద అక్షింతల పురుగులు: మల్బరీ తుక్రకు మందు లేని దారి

హిందూపురం, పెనుకొండ పక్క మల్బరీ పెట్టిన అందరికీ తెలిసిన బాధ తుక్ర. చిగురు ముడుచుకుని గిడసబారిపోతుంది, విప్పి చూస్తే లోపల తెల్లగా పిండినల్లి. వేరే పంటయితే ఏదో ఒకటి కొట్టేస్తాం. మనకు ఆ వీలు లేదు. ఆకు మీద కొట్టింది నేరుగా పట్టుపురుగు కడుపులోకే పోతుంది.

ప్రకృతి వ్యవసాయంలో వాడేవన్నీ పట్టుపురుగుకు మంచివే అనుకోవద్దు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, అది పట్టుపురుగుకు విషం. బీటీ బాక్టీరియాను 1901లో జపాన్‌లో మొదట కనుక్కున్నది కూడా జబ్బుపడిన పట్టుపురుగుల్లోనే. అందుకే మల్బరీలో పురుగును పురుగుతోనే పట్టించాలని నేను చెప్పేది.

దీనికి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు ఉంది. సొంత ఊరు ఆస్ట్రేలియా, 1898లో మన దేశానికి తెచ్చారు. ఎకరాకు 250 పెద్ద పురుగులను ఆరు నెలల తేడాతో రెండు విడతలుగా వదలాలని సిఫారసు. ఒకసారి తెచ్చుకుంటే ఇంట్లోనే పెంచుకోవచ్చు. దాని మేత పిండినల్లి, పిండినల్లి మేత గుమ్మడి. కాబట్టి పని గుమ్మడి తీగతో మొదలు.

ఇంటి దగ్గర నాలుగు పాదులు చాలు. గింజలు ఒకేసారి కాకుండా విడతలుగా పెడితే కాయలు వరుసగా అందుతాయి. మందు తగలని, దెబ్బ లేని, గాడులున్న కూర గుమ్మడికాయను తొడిమతో కోయండి. కడిగి ఆరబెట్టి, గుడ్డ కట్టిన పెట్టెలో పెట్టి, పైన తుక్ర చిగుర్లు పరచండి. పిల్ల నల్లులు కాయ మీదికి దిగుతాయి. రెండు వారాలకు కాయ తెల్లబడుతుంది. అప్పుడు అక్షింతల పురుగులను వదలండి. సుమారు నెలకు కొత్తవి బయటికొస్తాయి. పెట్టె ఎలా కట్టాలో వీడియోలో చూపించాను.

మూడు జాగ్రత్తలు:

1. పెట్టెను మల్బరీ తోటకు దూరంగా ఉంచండి. నల్లి తప్పించుకుంటే మళ్లీ మన ఆకు మీదికే వస్తుంది.

2. పెట్టె కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టండి. తీపి కోసం వచ్చే చీమలు నల్లికి కాపలా కాసి, మన పురుగులను తరుముతాయి.

3. అక్షింతల పురుగు పిల్ల కూడా తెల్లగా, మైనం పూసినట్టు ఉండి అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తుంది. నల్లికంటే పెద్దది, చురుగ్గా పాకుతుంది. తోటలో అది కనిపిస్తే నలిపేయకండి, ఆ చిగుర్లు తుంచకండి.

వదిలాక తోటలో ఏ మందూ కొట్టొద్దు. ఆకు బాగుంటేనే గూడు గట్టిగా వస్తుంది, ధర్మవరం మగ్గానికి మంచి దారం పోతుంది. ఈ వానకే రెండు గుమ్మడి గింజలు నాటండి.