కదలని ప్లగ్గు

మోటారు వాహనమును స్వయముగా చూచుకొనవలెనను కోరిక మన విద్యార్థులలో చాలమందికి కలదు. అది మంచి కోరికయే. ఇంజనులోని పాత నూనెను తీసి క్రొత్త నూనె పోయుటకు, స్పార్కు ప్లగ్గులను విప్పి శుభ్రపరచుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. నాలుగు పానాలు, ఒక వెడల్పాటి పళ్లెము, ఒక ఆదివారపు పూట చాలును. అయితే ఆ పని యంతయు ఇంజను అడుగున, నూనె నిలిచియుండు చాంబరునకు బిగించిన ఒక చిన్న లోహపు బిరడాపై ఆధారపడి యున్నది. దానిని డ్రెయిన్ ప్లగ్గందురు. అది కదలినచో అరగంటలో పని ముగియును. కదలనిచో ఏమగునో మేము స్వానుభవముతో ఎరుగుదుము గనుక, ఈ వ్యాసమును వ్రాయ సాహసించితిమి.

మా యింట ఒక పాత అంబాసిడరు కలదు. మరునాడు తెల్లవారుజామున మా తల్లిగారిని కంటి శస్త్రచికిత్సకై నెల్లూరు తీసికొనిపోవలసి యుండగా, ముందునాటి సాయంత్రము నూనె మార్చుదమని బండి క్రిందికి దూరితిమి. ప్లగ్గు కదలలేదు. పానాకు గొట్టము తొడిగి బలము చూపితిమి. పానా జారి ప్లగ్గు తల మూలలు అరిగి గుండ్రనైనవి. చీకటి పడువేళకు వీధి చివరనున్న మెకానిక్కు భాయి వచ్చి, టార్చిలైటు వేసి చూచి, "సారూ, మీరు దాన్ని విప్పడం లేదు, ఇంకా బిగిస్తా ఉండారు" అనెను. మా తల్లిగారు మరునాడు మొదటి బస్సులో నెల్లూరు వెళ్లిరి. ఆమె ఏమియు అనలేదు. అనియున్న బాగుండెడిదని ఇప్పటికిని తోచును.

మేము చేసిన మొదటి తప్పు అందరును చేయునదే. మరను ఎడమవైపు త్రిప్పిన విడివడును, కుడివైపు త్రిప్పిన బిగియునని చిన్నప్పుడే నేర్చుకొందుము. కాని ఆ ఎడమకుడులు ప్లగ్గు తలను ఎదుట నుండి చూచువానికి మాత్రమే వర్తించును. బండి ప్రక్కన కూర్చుండి చేయి క్రిందికి చాపి త్రిప్పువాడు ప్లగ్గును వెనుకనుండి చూచుచున్నట్లే లెక్క. వానికి దిక్కులు తారుమారగును. కనుక పానా తగిలించుటకు ముందు, ప్లగ్గు తలకు ముఖము ఎదురుగా ఉన్నట్లు ఊహించుకొని, గడియారపు ముల్లునకు వ్యతిరేకదిశ ఏదో చేతితో గాలిలో ఒకసారి త్రిప్పి చూచుకొనవలెను. చూచువారు నవ్వినను ఫరవాలేదు.

రెండవ తప్పు పానాను ఎన్నుకొనుటలో జరిగినది. అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశమునకు చెందినది. 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయినది. ఆ వంశపు పాత ఇంజనులలో మరలు, తలలు అంగుళముల కొలతలో ఉండెడివి. ఇటలీ దేశపు ఫియట్ వంశమువాడైన ప్రీమియర్ పద్మినికి మిల్లీమీటర్లు. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 మిల్లీమీటర్ల పానా చక్కగా పట్టినట్లే తోచును గాని, మిగిలిన ఆ 0.3 మిల్లీమీటరు సందే మూలలను తినివేయును. పన్నెండు పండ్ల రింగు పానాకన్న, ప్లగ్గు తల ఆరు ముఖములను గట్టిగా పట్టుకొను ఆరు మూలల సాకెట్టు ఎంతయో మేలు. దంతములున్న తెరపు పానాను (స్క్రూపానా అనియు కొందరందురు) మొదటనే తెచ్చుట మాత్రము వలదు.

ఇక ప్లగ్గు అసలు ఎందుకు బిగిసిపోవును? మాది సముద్రతీరము. మైపాడు, కోడూరు, కృష్ణపట్నము ప్రాంతములలో గాలి ఉప్పును మోసికొని వచ్చును. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి లోహముపై పలుచని ఉప్పునీటి పొరగా నిలుచును. ఇనుము తుప్పుగా మారునప్పుడు దాని పరిమాణము రెట్టింపునకు మించి పెరుగును. మరల నడుమ నున్న వెంట్రుకవాసి సందులో ఆ పెరుగుదలకు చోటు లేక, తుప్పు చీలవలె దిగబడి కూర్చుండును. ఇంజను పెట్టె అల్యూమినియముదై, ప్లగ్గు ఉక్కుదైనచో చిక్కు మరియొక విధము. రెండు భిన్నలోహముల నడుమ ఉప్పునీరు చేరిన అది చిన్న విద్యుత్ ఘటమే. అందు అల్యూమినియము తాను కరగి ఉక్కును కాపాడును. ప్రయోగశాలలో రాగి, జింకు పలకలతో మీరు చేసిన ప్రయోగమిదే. ఇచ్చట మార్కులు రావు, మరలు పోవును.

బలప్రయోగమునకు ముందు ఓర్పు అవసరము. తీగెల బ్రష్షుతో ప్లగ్గు చుట్టునున్న ఇసుకను, మట్టిని తొలగించి, తుప్పు విడదీయు నూనెను అంచున పోసి రాత్రియంతయు వదలవలెను. పల్లెలలో కిరసనాయిలుతో సరిపుచ్చుకొనెడివారు. అది కొంత పనిచేయును గాని మంటకు దూరముగా నుంచవలెను. పిమ్మట ప్లగ్గు తలపై సుత్తితో నిటారుగా నాలుగైదు చిన్న దెబ్బలు వేయవలెను. ఈ దెబ్బలు బలము కొరకు గాక, అదురు కొరకు. అదురునకు తుప్పు పొరలు పగిలి, నూనె లోనికి దిగును. అల్యూమినియము పెట్టెయైనచో ఈ దెబ్బలు మరింత మృదువుగా నుండవలెను, లేనిచో పెట్టెయే పగులును.

వేడి కూడ సహాయము చేయును. అల్యూమినియము ఉక్కుకన్న ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. 14 మిల్లీమీటర్ల రంధ్రమును 100 డిగ్రీల మేర వేడిచేసినచో అల్యూమినియము 0.032, ఉక్కు 0.017 మిల్లీమీటరు పెరుగును. తేడా తలవెంట్రుక మందములో నాలుగైదవ వంతు మాత్రమే, అయినను అది చాలును. ఇంజనును కొలదిసేపు నడిపి గోరువెచ్చగా నున్నప్పుడు ప్రయత్నించిన నూనెయు సులభముగా కారును. కాగియున్న నూనె చేతిపై పడిన చర్మము ఊడివచ్చును. నూనెయు పెట్రోలును ఉన్నచోట మంట వెలిగించుట మన పని కాదు.

బలమును లెక్కతోనే వాడవలెను. పది కిలోల బలమును 30 సెంటీమీటర్ల పానా కొసపై ప్రయోగించిన మూడు కిలోగ్రాము-మీటర్ల భ్రామకము కలుగును. సాధారణముగా చిన్నకార్ల డ్రెయిన్ ప్లగ్గు బిగింపునకు ఇంచుమించు అంతయే కావలెను. 60 సెంటీమీటర్ల గొట్టము తొడిగి, దానిపై 60 కిలోల మనిషి ఎక్కి నిలిచిన అది 36 అగును, అనగా పన్నెండింతలు. ఉక్కు ప్లగ్గు ఆ బలమును ఓర్చినను, రంధ్రములోని మరలు ఓర్వవు. ఉర్దూలో పనివారు ఈ మరలను చూడీ అందురు, అనగా గాజు. గాజుల దొంతర వలె ఒకదానిపై నొకటి చుట్టుకొనియుండు ఆ మరలకు అంతకన్న తగిన పేరు లేదనిపించును.

తల గుండ్రనైన తరువాత ఏమి చేయవలెను? మా బండికి భాయి చేసినది ఇది: తలపై సుత్తితో మోది, పైపు పానా దంతములను దానికి గట్టిగా కరిపించి, గుంజక, మెల్లమెల్లగా ఒత్తుచు త్రిప్పెను. కీచుమని అరచి ప్లగ్గు కదలినది. అది సాగనిచో ఉలిని తల అంచున ఏటవాలుగా నిలిపి విప్పు దిశలో కొట్టవచ్చును. అప్పటికిని రానిచో తలపై క్రొత్త నట్టును వెల్డింగు చేయించుట ఒక మార్గము. కాని లోపల నూనె నిండియున్న ఇంజనుపై ఆ పని ఇంటివద్ద చేయరాదు, వర్కుషాపునకే పంపవలెను.

ప్లగ్గు వచ్చి రంధ్రపు మరలు చెడియున్నచో భయపడ నక్కరలేదు. రంధ్రమును కొంచెము పెద్దది చేసి ట్యాపుతో క్రొత్త మరలు కోసి, ఉక్కు తీగెచుట్టను లోన దిగించు పద్ధతి కలదు. దానిని హెలికాయిల్ అందురు. ట్యాపు గాడులకు గ్రీజు పూసిన లోహపు రజను దానికి అంటుకొని బయటికి వచ్చును. అతుకుమందు పూసి తాత్కాలికముగా నెట్టుకొని వచ్చువారు కలరు. అట్టి బండిలో చెన్నై ప్రయాణము మేము చేయము.

స్పార్కు ప్లగ్గు విషయములో రెండు మాటలు. దానిని ఇంజను చల్లారిన పిమ్మటనే విప్పవలెను. విప్పుటకు ముందు చుట్టునున్న గుంటలోని ఇసుకను గాలితో ఊదివేయవలెను. లేనిచో మైపాడు ఇసుక సిలిండరులోనికి జారును. పాలుబోసినట్లు ఒకేసారి తిరిగివచ్చునని ఆశపడక, పావుచుట్టు విప్పి నూనె వేసి, కొంచెము మరల బిగించి, తిరిగి విప్పుచు పోవలెను. ప్రసంగవశమున ఒక ముచ్చట: పూర్వపు స్పార్కు ప్లగ్గులలో కొన్నింటికి, ముఖ్యముగా విమానపు ఇంజనుల వాటికి, అభ్రకమును విద్యుద్బంధకముగా వాడెడివారు. మన గూడూరు ప్రాంతము అభ్రకమునకు పేరుగాంచినదే. తరువాత ఆ స్థానమును పింగాణి వంటి అల్యూమినా ఆక్రమించినది. 1951లో బెంగుళూరులో స్థాపింపబడి, ప్లగ్గుల తయారీకి పేరొందిన మైకో సంస్థ పేరునకు అభ్రకముతో సంబంధము లేదు. అది ఆంగ్లనామపు పొడి అక్షరముల కూర్పు. 2008లో అది బాష్‌గా పేరు మార్చుకొనినది.

గేరుపెట్టె నూనె మార్చువారు మాత్రము దీనిని మరువరాదు. దానికి రెండు ప్లగ్గులుండును: క్రిందిది కార్చుటకు, పైది పోయుటకు. ముందు పైదానిని విప్పి చూడవలెను. అది రాకున్న క్రిందిదానిని ముట్టరాదు. పాత నూనె నంతయు కార్చిన తరువాత పై ప్లగ్గు బిగిసియున్నట్లు తెలిసిన, బండి నడువలేని స్థితిలో నడివాకిట నిలిచిపోవును. మెకానిక్కు ఇంటికి రావలసినదే.

జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి దూరరాదు. సమతలమైన నేలపై గట్టి స్టాండులు నిలిపి, చక్రములకు అడ్డుగా రాళ్లు పెట్టిన పిమ్మటనే దూరవలెను. మైపాడు వైపు ఇసుకనేలపై జాకీ ప్రక్కకు ఒరుగును. అడుగున మందపు చెక్క వేసినను స్టాండు తప్పనిసరి.

తిరిగి బిగించునప్పుడు పాత రాగి వాషరును తీసివేసి క్రొత్తది వేయవలెను. మొదట మరలను చేతివ్రేళ్లతోనే నాలుగు చుట్లు త్రిప్పవలెను. వ్రేళ్లకు తిరగనిచో మర అడ్డము పడినదన్నమాట, విప్పి మరల మొదలిడవలెను. కారిన నూనెను బకింగ్‌హామ్ కాలువలోను, రొయ్యల చెరువుల గట్టునను పారబోయక, మూతగల డబ్బాలో పట్టి, పాతనూనె కొనువారికి గాని, సర్వీసు స్టేషనునకు గాని అప్పగించవలెను. మా పాత ప్లగ్గు తల చెడినదే గాని మరలు బాగుగనే యున్నవి. ఇప్పుడది భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, కిటికీ ప్రక్క బల్లపై, కాగితములు ఎగురకుండ బరువుగా ఉన్నది.