సమాజపు పద్దులో తెలియని పేరు

ఇంటి పద్దు వ్రాయ నేర్చిన మన చేతులే నేడు మహిళాసమాజముల పద్దులను గూడ వ్రాయుచున్నవి. ఇంటి పద్దున రూపాయి తప్పినచో మనలో మనమే సర్దుకొందుము. సమాజపు పద్దున తప్పినచో నొకరి మర్యాదయే పోవును. మా సమాజమున నట్టిదే జరుగబోయి తప్పినది.

మా సమాజము బీదబాలికల చదువునకై విరాళములు ప్రోగుచేయును. చాలకాలము రసీదు పుస్తకము చేతబట్టి యింటింటికిని దిరిగితిమి. గత సంవత్సరము పడుచువారి ప్రోద్బలమున ఇంటర్నెట్టు ద్వారా గూడ విరాళములు గైకొన నారంభించితిమి. ముగ్గురు దాతలు క్రెడిట్ కార్డులతో 1,000, 500, 2,000 రూపాయల నిచ్చిరి. నెల తిరిగి బ్యాంకు స్టేటుమెంటు వచ్చినది. అందు దాతల పేరొక్కటియు లేదు. ఎన్నడును విననట్టి యొక కంపెనీ పేర 3,430 రూపాయలు మాత్రము జమపడియున్నవి. “తక్కిన సొమ్మేమైనది?” అని యొక పెద్దామె యడిగెను. ఎవరును బదులు పలుకలేదు గాని, అందఱి చూపులును కోశాధికారిణిపై వ్రాలెను. ఆమె మాఱుమాట లేక పెట్టె తాళపుచెవులను బల్లమీద నుంచి వెడలిపోయెను.

మఱునా డామెయు నేనును గూర్చుండి విచారింపగా సంగతి తేటపడినది. కార్డుతో నిచ్చిన సొమ్ము తిన్నగా మన ఖాతాకు రాదు. నడుమ నొక మధ్యవర్తి సంస్థ దానిని వసూలుచేసి మనకు బంపును. రిజర్వు బ్యాంకు దీనికి పేమెంటు అగ్రిగేటరని పేరిడి, బ్యాంకు కానట్టి యీ సంస్థలు ఆ సొమ్మును బ్యాంకులో ఎస్క్రో ఖాతాయందు వేరుగా నుంచవలెనని 2020 మార్చి 17న నిబంధన చేసినది. స్టేటుమెంటున గన్పట్టిన పే రా సంస్థదే. పలువురి విరాళముల నొక్కటిగా గూర్చి పంపుటచే దాతల పేర్లు మఱుగుపడినవి. మా యొడంబడిక ప్రకారము రుసుము నూటికి 2 రూపాయలు. 3,500కు 70 రూపాయలు. పైసయైన దప్పలేదు!

యూ.పీ.ఐ., రూపే డెబిట్ కార్డులకు 2020 జనవరి 1 మొదలుకొని వర్తకుని రుసుము తీసివేయబడినది. అయినను మధ్యవర్తి తన సేవకు వేఱుగా నేమైన గొనునేమో యొడంబడికలో జూచుకొనవలెను.

పద్దు వ్రాయు విధము ముఖ్యము. వచ్చిన 3,430 రూపాయలనే విరాళముగా వ్రాసినచో రసీదులకును పద్దునకును పొత్తు కుదురదు. 3,500 విరాళముగను, 70 రూపాయలు ఖర్చుగను వ్రాయవలెను. దాతకు రసీదు నిండుమొత్తమునకే యీయవలెను. మధ్యవర్తి పంపు సెటిల్‌మెంటు పట్టికను ప్రతినెలయు స్టేటుమెంటుతో సరిచూచి, రెంటిని నొక్కచోట భద్రపఱుపవలెను.

తెలియని పేరెల్ల నిర్దోషమని మాత్రము తలపరాదు. ఆ పట్టికలో లేని సొమ్మేదైన మన ఖాతానుండి పోయినచో, నాడే బ్యాంకునకు వ్రాతమూలముగా దెలిపి, ఆ వ్రాతకు రసీదు గైకొనవలెను. ఆలస్యమైనకొలది నష్టము మన నెత్తిన బడవచ్చును.

తరువాతి సభలో నీ లెక్క యంతయు జదివి వినిపించితిమి. అడిగిన పెద్దామెయే లేచి తాళపుచెవులను కోశాధికారిణి చేత బెట్టినది. సోదరీమణులారా, లెక్క యడుగుట తప్పు కాదు. లెక్క చూడకయే మనిషిని శంకించుట తప్పు.