హీరోయిన్‌ని తీసేస్తే కథ ఆగుద్దా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్లో యాక్షన్ సినిమా చూసేటప్పుడు మీ బొటనవేలు ఏం చేస్తుందో ఎప్పుడన్నా గమనించారా? ఫైటు వస్తే ఫోను మొహం దగ్గరకు తెచ్చుకుంటారు. లవ్ ట్రాకు మొదలవగానే వేలు తెర మీద టకటకా రెండుసార్లు పడుద్ది. పది సెకన్లు ముందుకి, ఇంకో పది సెకన్లు ముందుకి. థియేటరు రోజుల్లో మా తరం ఇదే పని ఇంకోరకంగా చేసేది, పాట రాగానే టీ తాగటానికి లేచిపోయేది.

ప్రేమంటే ఇష్టం లేక కాదు ఇది. రాత్రి పన్నెండింటి దాకా మీరు ఎవరితో చాటింగ్ చేస్తారో నాకెందుకు గానీ, ఇష్టం లేదంటే నేను నమ్మను. అసలు సంగతేందంటే, ఆ సినిమాలో ఆ ప్రేమకి పనిలేదు. కూలికొచ్చి గట్టు మీద కూర్చున్న మనిషి మాదిరి, లెక్కలో ఉంటది గానీ చేలో ఉండదు.

మరి పని ఉన్న ప్రేమ ఎట్టా ఉంటది? సాహసం కథ ఏదైనా తీసుకోండి. వీరుడు ఇల్లు ఎందుకు వదిలాడు, ఓడిపోతే వాడికి ఏం పోద్ది, ఈ రెండూ తెలియకపోతే కత్తి ఎంత తిప్పినా మన గుండె కొట్టుకోదు. ప్రేమ ఆ రెండిటికీ ఒక్కసారే జవాబు చెప్పగలదు. అందుకే లోకంలో సాహస కథలన్నిటికీ దాంతో అంత చుట్టరికం. రామాయణం కూడా అంతే గదా, సీతమ్మను ఎత్తుకుపోకపోతే వారధి ఎవరు కడతారు?

మనవాళ్ల సినిమాల్లో దీనికి తేటగా కనిపించే ఉదాహరణ 1951 నాటి 'పాతాళభైరవి'. తోటమాలి కొడుకు తోటరాముడు రాజుగారి బిడ్డను ప్రేమించాడు. పట్టుబడ్డాడు. రాజుతో సరితూగే సంపద తెస్తే పిల్లనిస్తానన్నాడు రాజు. ఆ ఒక్క మాట దగ్గర సినిమా అంతా బయల్దేరుద్ది. మాంత్రికుడు, గుహ, మొసలి, విగ్రహం, అన్నీ దాని వెనకాలే. ఇందుమతిని తీసేసి చూడండి, రాముడు తోటలో నీళ్లు పెట్టుకుంటా ఉండిపోతాడు. సినిమా లేదు. నాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది లెండి. పేదోడికి పిల్లనెందుకివ్వరు అని గట్టిగా అడిగిన సినిమా, జవాబు కాడికొచ్చేసరికి దేవత చేత మేడ కట్టించి తప్పించుకుంది. అయినా ప్రశ్న అడిగింది, ఆ అడగటానికి ప్రేమనే వాడుకుంది.

ప్రేమ లేకపోతే సాహసం పండదని మాత్రం అనుకోవద్దు. 'పాతాళభైరవి' తీసిన విజయా సంస్థలో ఒకరు మన తెనాలి చక్రపాణి. ఆయనా నాగిరెడ్డీ కలిసి 1947 జులైలో 'చందమామ' పత్రిక పెట్టారు. తర్వాత ఆ పత్రికకే తెనాలి ప్రాంతంలోనే పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలుకుని 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' దాకా ఏళ్ల తరబడి సీరియల్స్ రాశారు. అడవులు, కొండజాతులు, మాంత్రికులు, ఇద్దరు స్నేహితులు కత్తులు పట్టుకుని పోతా ఉంటారు. పెద్దోళ్లను అడగండి, నెలనెలా పోస్టు కోసం ఎట్టా కాచుకున్నారో చెబుతారు. అందులో డ్యూయెట్ లేదు. పిల్లల పత్రిక గాబట్టి అనొచ్చు, నిజమే. కానీ పెద్దోళ్లూ చదివారు, ఎవరూ ప్రేమ ఏదీ అని అడగలేదు. స్నేహం, తెలియని చోటు మీద కుతూహలం, ఆ రెండూ బండి లాగినయ్. కాబట్టి కథకి ప్రేమ అవసరమైతే పెట్టాలి, లేకపోతే మానాలి. పాటకి బడ్జెట్ ఉందని పెట్టేదే గట్టు మీద కూర్చున్న కూలి.

ఇప్పుడు మన గడ్డ కథకొద్దాం. పల్నాటి వీరచరిత్ర. 12వ శతాబ్దం నాటి యుద్ధం, కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగింది. శ్రీనాథుడు రాశాడని చెప్పే ద్విపద కావ్యం ఉంది, ఊళ్లల్లో తిరిగి పాడే వీరవిద్యావంతుల నోటిపాటా ఉంది. జీన్ రోఘైర్ అనే అమెరికా ఆయన ఆ నోటిపాటను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకమే వేశాడు. మనం మాత్రం ఆ కథను కోడిపందెం, నాగమ్మ, బ్రహ్మనాయుడు, చాపకూడు కాడ ఆపేస్తాం. అందులో ఆలుమగల సంగతి ఎంత బరువు మోసిందో చూడం.

అలరాజును చూడండి. మాచర్ల వాళ్ల తరఫున గురజాలకి రాయబారం పోయాడు. ఎవరి దగ్గరకు? సొంత మామ నలగామరాజు దగ్గరకే. భార్య పేరిందేవి ఆ రాజు కూతురు. అక్కడ విషం పెట్టి చంపారు. ఆమె మొగుడితో పాటు ప్రాణం వదిలింది. రెండు వర్గాల మధ్య మిగిలిన ఆఖరి ముడి ఆ పెళ్లి. అది తెగిన తర్వాత యుద్ధాన్ని ఆపే దారం లేదు. ఇక్కడ ప్రేమ యుద్ధానికి అడ్డుకట్ట. కట్ట తెగితేనే వరద.

బాలచంద్రుడిది ఇంకో తీరు. బ్రహ్మన్న కొడుకు, కుర్రోడు, పెళ్లయింది గానీ భార్య మాంచాల మొహం చూసింది లేదు, వెలయాలి ఇంట గడిపాడు. బొంగరాలాటలో బొంగరం ఎగిరి ఒకామె కాలికి తగిలితే, అవతల యుద్ధం పెట్టుకుని ఇక్కడ ఆటలా అని ఆమె దెప్పింది. అప్పుడు పౌరుషం వచ్చింది. తల్లి ఐతాంబ దగ్గరకు పోయాడు, యుద్ధానికి ముందు భార్య దగ్గరకు వెళ్లిరమ్మంది ఆమె. పాడేవాళ్లను బట్టి వివరాలు అటూ ఇటూ మారతయ్ గానీ అన్నిట్లో నిలబడేది ఆ రాత్రే. ఇన్నాళ్లూ పట్టించుకోని మొగుడు పోయే ముందురోజు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఏమైనా అనొచ్చు. ఏడవొచ్చు, తిట్టొచ్చు, పట్టుకుని ఆపొచ్చు. ఆమె కత్తి చేతికిచ్చి పంపింది.

ఈ ఘట్టాన్ని వీరపత్ని త్యాగం అని సభల్లో పొగుడుతారు. నాకు ఆ పొగడ్త గొంతు దిగదు. పెళ్లి చేసి వదిలేసిన పిల్ల, మొగుణ్ని చావుకి పంపటమే గొప్పంటే, ఆమెకి దక్కిందేంది? కానీ కథ పనితనం వేరే లెక్క, అది ఒప్పుకోవాలి. ఆ రాత్రి నిర్ణయం ఆమె చేతిలో ఉంది. వినేవాడు ఊపిరి బిగబట్టేది బాలచంద్రుడి కోసం కాదు, మాంచాల ఏమంటదో అని. మర్నాడు వాడు రణంలో తిప్పే ప్రతి వేటు వెనకా ఆ గుమ్మం ఉంటది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి, ఆయన పోయాక ఎల్‌.వి.ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో అక్కినేని బాలచంద్రుడు, ఎస్‌.వరలక్ష్మి మాంచాల. 1966లో మళ్లీ తీస్తే హరనాథ్, జమున వేశారు. రెండుసార్లూ ఆ జంటకు పేరున్న నటుల్నే పెట్టారంటే ఊరికే కాదు.

ఎనిమిది వందల ఏళ్ల నాటి మాంచాలకున్నపాటి నిర్ణయం ఇప్పటి హీరోయిన్‌కి ఉందా? 'బాహుబలి' రెండు భాగాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఒకే దర్శకుడు రెండు జవాబులిచ్చాడు.

2015లో వచ్చిన మొదటి భాగంలో అవంతిక సైనికురాలు. దేవసేనను విడిపించాలని ప్రాణానికి తెగించిన దళంలో మనిషి. శివుడు జలపాతం ఎక్కింది ఆమె ముఖాన్ని ఊహించుకునే, అక్కడిదాకా ప్రేమకి పని బాగానే ఉంది. తర్వాత? ఆమె ఒళ్లు తెలియక పడుకుని ఉంటే చేతి మీద బొమ్మ గీశాడు. ఆమె కత్తి ఎత్తితే యుద్ధానికి వేసుకున్న బట్టలు లాగి, జుట్టు విప్పి, పెదాలకు రంగు పూశాడు. ఆమె నీళ్లలో తన నీడ చూసుకుని కరిగిపోయింది. పాట వచ్చింది. పాటయ్యాక ఆమె పని ఇతను తీసుకున్నాడు. అంతే, ఆ పిల్ల కథలోంచి జారిపోయింది, రెండో భాగంలో వెతుక్కోవాలి. దీని మీద అప్పట్లోనే గట్టి విమర్శలు వచ్చినయ్, అభిమానులు తిట్టిపోశారు. నన్నడిగితే విమర్శే కరెక్టు.

2017లో రెండో భాగం. దేవసేనకు శివగామి బంగారం, కానుకలు పంపి కోడలిగా రమ్మంటే, కొనుక్కోవటానికి నేను సంతలో సరుకునా అన్నట్టు తిప్పి పంపింది. ఆ తిరుగుమాటే కదా మాహిష్మతిలో నిప్పు పెట్టింది. బాహుబలి ఆమెకిచ్చిన మాటకి సింహాసనం వదులుకున్నాడు. ఆడోళ్ల ఒంటి మీద చెయ్యేసినవాడి వేళ్లు తెగ్గొట్టింది ఆమే. ఇద్దరూ పక్కపక్కన నిలబడి మూడేసి బాణాలు వేసే సీను చూడండి, అది ఫైటా, లవ్ సీనా? రెండూ. అక్కడ ఎవరి వేలూ తెర మీద పడదు. దేవసేనను తీసేస్తే సినిమా ఒక్క అడుగు కదలదు, అవంతికను సగంలో తీసేసినా ఎవరికీ తెలియలేదు.

ఇదంతా సినిమా కబుర్లే అనుకునేరు. కాదు. 2003 నాటి 'ఒక్కడు' గుర్తుందిగా, ఇప్పటికీ టీవీలో వస్తా ఉంటది. కర్నూలు ఫ్యాక్షన్ లీడరు ఓబుల్‌రెడ్డి ఒక అమ్మాయి మీద మనసుపడ్డాడు. ఆమె వద్దంది. అయినా వెంటపడ్డాడు, ఆమె అన్నల్ని చంపాడు, నాకే దక్కాలన్నాడు. వాడు విలన్. కబడ్డీ ఆడటానికి పోయిన కుర్రోడు ఆమెను కాపాడి, ఇంట్లో దాచి, ఆమె కోరుకున్నట్టు అమెరికా పంపటానికి పాస్‌పోర్టు కోసం తిరిగాడు. ఐలవ్యూ చెప్పమని పీడించలేదు. వాడు హీరో.

ఇప్పుడు మీకు నచ్చిన నాలుగు మాస్ సినిమాలు తీసుకుని, వాటిలో హీరో కాలేజీ గేటు కాడ చేసే పనులన్నీ ఓబుల్‌రెడ్డి చేసినట్టు ఊహించుకోండి. బస్సు ఎక్కనివ్వకపోవటం, నంబరు సంపాదించి రాత్రిళ్లు ఫోన్ చెయ్యటం, ఫ్రెండ్స్‌తో ముసురుకోవటం, వద్దంటే నవ్వటం. ప్రకాష్‌రాజ్ చేస్తే కడుపులో తిప్పుద్ది. మన హీరో చేస్తే ఈల వేస్తాం. పని అదే, మొహమే మారింది.

ఆ పనికి చట్టంలో పేరుంది. ఆడమనిషి వద్దని తేల్చి చెప్పినా వెంటపడటం, పదేపదే కాంటాక్టు చెయ్యాలని చూడటం, ఆమె ఆన్‌లైన్‌లో ఏం చేస్తుందో కాపు కాయటం 2013 నుంచి నేరం. అప్పుడు ఐపీసీ 354డి, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. మన గుంటూరులోనే చదువుకునే పిల్లను పట్టపగలు నడిరోడ్డు మీద పొడిచి చంపిన సంగతి మీకు గుర్తుండే ఉంటది. సినిమా చంపిందని నేననను, చంపినోడే చంపాడు. కానీ వద్దు అంటే ఇంకొంచెం గట్టిగా అడగాలి అనే అర్థం మన కుర్రోళ్లకు ఎవరు నేర్పారో కూడా అడగొద్దా? మిరపకోతకి ఆటోలో పోయే ఆడపిల్లలకు, ఆటో వెనకాలే వచ్చే బండి చప్పుడు కామెడీ ట్రాకు కాదు.

నరసరావుపేట, చిలకలూరిపేట వైపు ఫోన్లతోనే షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు ఇప్పుడు బోలెడంతమంది. మీలో ఎవరన్నా పల్నాటి కథ తీస్తే నాదొక కోరిక. కారంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో ఐదు రోజులకీ పేర్లున్నయ్. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మాంచాల గుమ్మం కాడి రాత్రికి పేరు లేదు. అది తీయండి. గుర్రాలు అక్కర్లేదు, సైన్యం అక్కర్లేదు, ఒక దీపం, ఒక కత్తి, ఇద్దరు చాలు. కెమెరా మాత్రం లోపల పెట్టండి, ఆమె వైపు.